ఉరుకుందప్ప కడిగిన ఇసుక

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద ఉన్న పత్తి మిల్లులో ఉరుకుందప్ప ఫిల్టరు మేస్త్రీ. నీళ్ల గురించి తనకంటే తెలిసినవాడు ఇంకా పుట్టలేదని అతని నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఒక్కటే. వయసులో ఉన్నప్పుడు బళ్ళారిలో, నీళ్ల పనులు చూసే ఒక తెల్లదొర వెంట కొంతకాలం పెట్టె మోశాడు. పెట్టెలో ఏముండేదో అతనికి తెలియదు, దాన్ని తెరిచే అనుమతి లేదు. దొర దేశం వదిలి పోతూ పాత ఖాకీ కోటు ఒకటి ఇచ్చిపోయాడు. ఆ కోటు తొడుక్కోగానే పెట్టెలోని విద్య అంతా తన ఒంట్లోకి దిగిందని ఉరుకుందప్ప అనుకున్నాడు. ఆదోని ఎండల్లో కుక్కలు కూడా నీడ వదిలి రాని వేళ అతను కోటు గుండీలన్నీ పెట్టుకుని మిల్లు చుట్టూ తిరిగేవాడు. మెడ వెనక చెమట పొక్కులు లేచేవి. అతని భార్య అంజనమ్మ వాటికి వేపాకు నూరి పూస్తూ, ఆ కోటును కాల్చి పారేస్తే మందు ఖర్చు తప్పుతుందని అనేది. ఉరుకుందప్ప ఆమెతో వాదించేవాడు కాదు. చదువు లేని మనిషితో వాదించడం తన హోదాకు తక్కువ అనుకునేవాడు. తను చదివింది రెండో తరగతి.

మిల్లు వెనక ఒక కుంట ఉండేది. బాయిలరుకూ, కూలీలు కాపురముండే గుడిసెల లైన్లకూ నీళ్లు ఆ కుంటవే. పత్తి సీజను మొదలైతే ఆలూరు నుంచి, పత్తికొండ నుంచి, కోసిగి నుంచి బండ్లు వచ్చి మిల్లు ముందు మైదానంలో బారులు తీరేవి. తూకం అయ్యేదాకా ఎద్దులు అక్కడే మేత మేసేవి, అక్కడే పడుకునేవి, అక్కడే అన్నీ చేసేవి. ఆ మైదానం వాలు కుంట వైపే. సంక్రాంతి దాటిన కొద్ది రోజులకే కుంట ఒడ్డున నిలబడితే ముక్కు మండేది.

అంతకు ముందు ఒక సీజనులో లైన్లలో కలరా సోకి కూలీలు ఊళ్లకు పారిపోయారు. పత్తి బోరాలు వానకు తడిసి కుళ్లిపోయాయి. మనుషులు పోయినందుకు కాక పత్తి పోయినందుకు యజమానికి బుద్ధి వచ్చింది. మద్రాసు నుంచి ఒక ఇంజనీరును పిలిపించి కుంట పక్కన రెండు ఇసుక తొట్లు కట్టించాడు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, ఆ పైన నడుం లోతు ఇసుక. కుంట నీళ్లు పైన నిలిచి, చాలా నిదానంగా ఇసుకలోంచి దిగి, కింది గొట్టం గుండా ఒక చిన్న హౌజులోకి చేరేవి. అందులో కొద్దిగా బ్లీచింగు పౌడరు కలిపి లైన్లకు వదిలేవారు. దాన్ని అక్కడ తెల్లపొడి అంటారు.

ఇంజనీరు పోయే ముందు మేస్త్రీని పక్కన నిలబెట్టి వివరంగా చెప్పాడు. ఇసుక మీద పాచి పొర పడుతుంది, పట్టనివ్వాలి. నీళ్లు దిగడం మరీ నిదానిస్తే ఆ పై పొరను మాత్రం పలుచగా గీకి తీయాలి. ఒక తొట్టిని ముట్టుకున్నప్పుడు రెండోదాన్ని ముట్టుకోకూడదు. ఇసుకను ఎండనివ్వకూడదు. ఉరుకుందప్ప ప్రతి మాటకూ తల ఊపాడు. తల ఊపడం అతనికి బాగా వచ్చిన విద్య. ఇంజనీరు బండి ఎక్కే లోపల విన్నదంతా మరిచిపోయాడు.

అయినా రెండేళ్లు నీళ్లు బాగున్నాయి. ఎద్దుల కంపు కొట్టే కుంట నీళ్లు తొట్లోంచి దిగి బయటికి వస్తే ఏ వాసనా ఉండేది కాదు. లైన్లలో వాంతులు, విరేచనాలు తగ్గాయి. అది తన ఘనత అని ఉరుకుందప్ప చెప్పుకున్నాడు. నిజానికి అది అతని బద్ధకం చేసిన మేలు. ఇసుకను ముట్టుకోవడానికి ఒళ్లు వంగక, నీళ్లు ఆగినప్పుడు కూలీలు పై పొర గీకడం తప్ప, దాన్ని అలాగే వదిలేశాడు. తొట్టి మీద ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన జిగురు పొర దుప్పటిలా పరుచుకుంది. దాన్ని చూస్తే మాత్రం అతనికి నామోషీగా ఉండేది. ఎవరైనా మిల్లు చూడవస్తే తొట్టి దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి సంవత్సరం సీజను మధ్యలో ఒక కబురు వచ్చింది. ఆదోని సభకు వస్తున్న మంత్రిగారు తిరిగి పోయేటప్పుడు మిల్లు దగ్గర ఆగి, కూలీల కోసం చేసిన నీటి ఏర్పాటు చూస్తారట. మేనేజరు సున్నం వేయించాడు, తోరణాలు కట్టించాడు, ఉరుకుందప్పను పిలిచి తొట్లు తళతళలాడాలని చెప్పాడు. తళతళ అనే మాటకు తొట్లో ఏం అర్థమో ఆ మేనేజరుకూ తెలియదు. అతను ఒక్కసారి కూడా ఆ గట్టెక్కి చూసినవాడు కాదు.

ఉరుకుందప్పకు పట్టపగ్గాలు లేకపోయాయి. తొట్టి పనికి ఉన్న కూలీలను పిలిచాడు. వాళ్లలో యేసేపు పెద్దవాడు, లైన్ల చివర భార్య నాగమ్మతో ఉండేవాడు, మాట తక్కువ మనిషి. రెండు తొట్లలో నీళ్లు వదిలేసి ఇసుకంతా తవ్వి బయట పోయమని మేస్త్రీ చెప్పాడు. రెండూ ఒకేసారి విప్పితే లైన్లవాళ్లు ఏం తాగాలని యేసేపు అడిగాడు.

"రొండు దినాలు తాగకుంటే సచ్చిపోరులే. ఇంట్ల బిందెకు పాచి పడితే నీ పెండ్లాము తోమదా? ఇదీ అంతే. అడుగు రాయి దాంక తోమల్ల."

వాళ్లు తోమారు. ఇసుకను తట్టలకెత్తి, తెల్లపొడి కలిపిన నీళ్లలో కడిగి, మైదానంలో ఎండబోశారు. యేసేపు అరచేతులు పొడికి తెల్లబడి, చర్మం పొరలు పొరలుగా ఊడింది. ఉరుకుందప్ప గట్టు మీద కోటుతో నిలబడి ఇంకా, ఇంకా అన్నాడు. చివరికి ఇసుక చక్కెరలా మెరిసింది. ఊళ్లోంచి ఫోటో తీసేవాణ్ణి పిలిపించి తొట్టి గోడ మీద ఒక కాలు పెట్టి ఫోటో దిగాడు.

మంత్రిగారు ఆగలేదు. సభ ఆలస్యమైంది. కారు తోరణాల కింది నుంచి ఎమ్మిగనూరు వైపు దుమ్ము లేపుకుంటూ పోయింది. దండలు పట్టుకుని నిలబడ్డవాళ్ల మీద ఆ దుమ్ము పడింది. కారు అద్దంలోంచి ఒక చెయ్యి తనకే ఊగిందని ఉరుకుందప్ప చాలా రోజులు చెప్పాడు. ఆ చెయ్యి డ్రైవరుదని మిగతావాళ్లందరూ చూశారు.

తొట్లలోకి మళ్లీ కుంట నీళ్లు వదిలారు. తెల్లని ఇసుకలోంచి నీళ్లు ఇదివరకటి కంటే వేగంగా, నిగనిగలాడుతూ దిగాయి. ఉరుకుందప్ప మురిసిపోయాడు. కానీ ఆ నీళ్లలో తెల్లపొడి కలపగానే ఘాటు వాసన లేచింది. కుండ మీద వంగితే కళ్లు మండేవి. ఆ నీళ్లతో వండిన అన్నం కూడా అదే వాసన కొట్టేది. లైన్లలో ఆడవాళ్లు గొట్టం దగ్గర గుమికూడి మేస్త్రీని అడిగారు. వాళ్లలో ముందు నిలబడింది హులిగమ్మ. గింజలు తీసే జిన్నింగు విభాగంలో పత్తి ఏరే మనిషి, మొగుడు చనిపోయాక ఇద్దరు ఆడపిల్లలతో లైన్లలో ఉండేది.

"ఉరుకుందప్పన్నా, నీళ్లు నోట్లో పెట్టుకోను గాకుండ ఉండాయి. ఒగసారి సూడన్నా."

మందు వాసన గట్టిగా వస్తే నీళ్లు గట్టిగా శుద్ధమైనట్టని అతను వాళ్లకు పాఠం చెప్పాడు. పాచి నీళ్లు తాగి మరిగినవాళ్లకు మంచి నీళ్లు ఎట్లా రుచిస్తాయన్నాడు. ఆ రోజు నుంచి తెల్లపొడి ఇంకో దోసెడు ఎక్కువ వేయించాడు. వాసన పెరిగింది. మళ్లీ వేయించాడు. నీళ్లు నాలుక మీద పెడితే చిటచిటలాడాయి. ఒకరిద్దరు ఆడవాళ్లు దూరం బావికి పోసాగారు. మిల్లు కూత కూసే లోపల రెండు బిందెలు తెచ్చుకోవడం అందరి వల్లా కాలేదు.

ఆ పక్షంలోనే లైన్లలో జబ్బు మొదలైంది. మొదట పిల్లలకు, తర్వాత ముసలివాళ్లకు. కడుపు పట్టుకుని మెలితిరగడం, వాంతులు, కళ్లు లోపలికి పోవడం. హులిగమ్మ చిన్న కూతురు సాయంత్రం దాకా గడప దగ్గర ఆడుకున్న పిల్ల, మర్నాడు మధ్యాహ్నానికి నీళ్లు నీళ్లు అంటూ పోయింది. అడిగినప్పుడల్లా తల్లి ఆ నీళ్లే పోసింది.

మేనేజరు ఉరుకుందప్పను పిలిచి ఏం జరిగిందని అడిగాడు. ఆ గదిలో ఇద్దరు పిరికివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇసుక కడిగించినవాడు ఒకడు, కడగమన్నవాడు ఒకడు. ఇసుక తవ్విన కూలీలు మైల చేతులతో ముట్టి నీళ్లు చెడగొట్టి ఉంటారని ఉరుకుందప్ప అన్నాడు. ముఖ్యంగా యేసేపు, వాడు చెప్పిన మాట వినడు అన్నాడు. మేనేజరుకు అంతకంటే ఏం కావాలి? ఆ సాయంత్రమే యేసేపు సామాను గుడిసె బయట పడింది. అతను ఎవరితోనూ కొట్లాడలేదు. ఊడిన అరచేతులతోనే చాప చుట్టుకుని, నాగమ్మను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు దారి పట్టాడు. ఉరుకుందప్ప ఆ వైపు రాలేదు. ఇంట్లో కోటు విప్పకుండా కూర్చున్నాడని అంజనమ్మ తర్వాత చెప్పింది.

జబ్బు మాట ఊళ్లోకి పాకాక కర్నూలు నుంచి నీళ్లు పరీక్ష చేసే కృపానందం వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, వెంట గాజు గొట్టాలున్న చెక్కపెట్టె. మేనేజరు, ఉరుకుందప్ప, లైన్ల నుంచి వచ్చిన కొందరు తొట్టి గట్టు దగ్గర నిలబడ్డారు. హులిగమ్మ కూడా వచ్చింది. కృపానందం ఒక గొట్టంలో కుంట నీళ్లు, ఒక గొట్టంలో తొట్లోంచి దిగిన నీళ్లు తీసుకుని, రెండింటిలోనూ సీసాలోంచి చుక్కలు వేశాడు. కుంట నీళ్లు ముదురు పసుపు రంగు తిరిగాయి. తొట్టి నీళ్లూ అదే రంగు తిరిగాయి. మంచి ఫిల్టరైతే ఈ రెండో గొట్టంలో రంగు రాకూడదని అతను అన్నాడు. తర్వాత తొట్లోకి వంగి పిడికెడు ఇసుక తీసి, వేళ్ల మధ్య రుద్దుతూ చాలాసేపు చూశాడు.

ఇంత తెల్లటి ఫిల్టరు ఇసుక తను ఎక్కడా చూడలేదని, ఎవరు కడిగించారని అడిగాడు. మేనేజరు తొందరపడి యేసేపని ఒక కూలీ పేరెత్తాడు. ఉరుకుందప్ప ఓర్చుకోలేకపోయాడు. ఇంత పెద్ద మనిషి మెచ్చుకున్న పని ఒక తట్ట మోసేవాడి ఖాతాలో పడిపోవడం అతని ప్రాణానికి మించిన నష్టం.

"వానికేం తెల్సు సార్? కడిగిపిచ్చింది నేను. రొండు తొట్లూ, అడుగు రాయి దాంక. తెల్లపొడి యేసి రుద్దిపిచ్చి, ఎండకు పోపిచ్చినాను. ఈ సీమలో ఇట్ల కడిగినోడు ఇంగొగడు లేడు సార్."

మేనేజరు కళ్లు మూసుకున్నాడు. కృపానందం చేతిలోని ఇసుకను తొట్లోకి వదిలి, చెయ్యి తుడుచుకున్నాడు.

"బాగా సంపినావప్పా," అన్నాడు. "ఒక్కటి గూడ మిగల్లేదు."

ఎవరిని చంపానో ఉరుకుందప్పకు అర్థం కాలేదు. కృపానందం అతని వైపు కాక హులిగమ్మ వైపు తిరిగి, అందరికీ తెలిసే మాటల్లో చెప్పాడు. తెల్లవారి గొడ్ల చావడి తలుపు తీస్తే ముక్కుకు కొట్టే ఘాటు ఉంది కదా, అది అమ్మోనియా. గొట్టాల్లో పసుపు రంగు తెచ్చింది అదే. ఎద్దుల ఉచ్చలోంచి పుట్టి కుంటలో కలుస్తుంది. ఇసుక మీది పాచిలోనూ, లోపల ప్రతి ఇసుక రేణువు చుట్టూ పట్టిన జిగురులోనూ కంటికి కనపడని జీవాలుంటాయి. వాటి కూడే ఆ అమ్మోనియా. ఒక రకం జీవాలు దాన్ని సగం మారుస్తాయి, రెండో రకం మిగతా పని ముగించి నైట్రేటు అనే ఉప్పుగా చేస్తాయి. పైర్లకు బలమిచ్చే ఉప్పు అది. పుస్తకాల్లో ఈ పనిని నత్రీకరణం అంటారు. జబ్బు పురుగుల్లా ఒక్క రోజులో పెరిగేవి కావు ఇవి. గాలి కలిసిన నీళ్లు, తడి, నిదానం కావాలి. ఒకసారి చస్తే మళ్లీ నెలకొనడానికి వారాలు పడుతుంది. తెల్లపొడి తగిలితే చస్తాయి, ఎండకు పోసినా చస్తాయి. ఇక్కడ రెండూ జరిగాయి.

వాటిని చంపడంతో అమ్మోనియా అడ్డం లేకుండా కిందికి దిగింది. హౌజులో వేసిన తెల్లపొడి జబ్బు పురుగుల మీదికి పోకుండా ఆ అమ్మోనియాతో కలిసిపోయింది. ఆ కలయికలోంచి లేచిందే కళ్లు మండే వాసన. పొడి బలమంతా అక్కడే అయిపోయింది, జబ్బు పురుగులు క్షేమంగా బిందెల్లోకి చేరాయి.

హులిగమ్మ ఒక్కటే అడిగింది. "అయితే అది మందు వాసన గాదా సార్?"

"మందు పనికిరాకుండ పోయిన వాసనమ్మా."

ఆమె ఉరుకుందప్ప వైపు చూసింది. అతను కోటు గుండీ ఒకటి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఇంజనీరు తనకు ఇవన్నీ చెప్పలేదని గొణిగాడు.

ఎద్దులను కుంటకు అవతలి వైపు కట్టాలనీ, మైదానానికి అడ్డంగా కాలువ తవ్వాలనీ, తొట్లోకి తెల్లపొడి గింజంత కూడా పోకూడదనీ, నీళ్లు నిదానంగా ఆగకుండా దిగనివ్వాలనీ, ఆ జీవాలు తిరిగి నెలకొనేదాకా తాగే నీళ్లు బావి నుంచి బండ్ల మీద తెప్పించి కాచి తాగాలనీ కృపానందం చెప్పాడు. యేసేపును పిలిపించమని కూడా చెప్పాడు. మేనేజరు అన్నింటికీ ఒప్పుకున్నాడు. ఉరుకుందప్పను మాత్రం పనిలోంచి తీయలేదు. తీస్తే ఇసుక కడగమన్నది ఎవరనే ప్రశ్న యజమాని దాకా పోతుంది. ఎమ్మిగనూరుకు పంపిన మనిషి తిరిగి వచ్చి, యేసేపు రానన్నాడని చెప్పాడు. అక్కడ ఒక నూలు వ్యాపారి అద్దకం షెడ్డులో పని దొరికిందట. మిల్లు గేటు తను బతికుండగా మళ్లీ దాటనని నాగమ్మ అన్నదట.

మిల్లు వాళ్ల తీర్పు అంతటితో ముగిసింది. లైన్లలో ఆడవాళ్ల తీర్పు వేరేగా వచ్చింది. మర్నాడు ఉదయం మిల్లు కూతకు ముందు వాళ్లు గొట్టం దగ్గర నిలబడ్డారు. ఉరుకుందప్ప రాగానే హులిగమ్మ చెంబు ముంచి అతని ముందు పెట్టింది. ఇంతకు ముందు అన్నా అని పిలిచిన మనిషి, ఆ రోజు అలా పిలవలేదు.

"తాగు మేస్త్రీ. నువ్వు కడిగిన నీళ్లే."

కాచి తాగమన్నారు కదా అని అతను అన్నాడు. ఆమె చెంబు తీయలేదు. వెనక ఉన్నవాళ్లు కదల్లేదు. అతను మేనేజరు గది వైపు చూశాడు. కిటికీ దగ్గరున్న మేనేజరు లోపలికి జరిగాడు. ఉరుకుందప్ప తాగాడు. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఖాళీ చెంబు బోర్లించి పనికి పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మధ్యలో అతను కడుపు చెడి మంచాన పడ్డాడు. లేచి వచ్చిన ఉదయం చెంబు మళ్లీ సిద్ధంగా ఉంది.

తనను ఆడవాళ్లు బజారులో నిలబెట్టి అవమానిస్తున్నారని ఇంట్లో మొత్తుకున్నాడు. అంజనమ్మ జొన్నరొట్టె తడుతూ తలెత్తకుండా, "తాగు. ఆ బిడ్డ గూడ తాగింది," అంది. ఆ రోజు అతను రొట్టె ముట్టలేదు. ఆమె బతిమాలలేదు.

వారాలు గడిచాయి. తెల్లటి ఇసుక మీద మొదట నూగులాంటి పొర పట్టింది, తర్వాత అది గోధుమరంగు తిరిగింది. గొట్టం నీళ్లలో ఘాటు రోజురోజుకూ సన్నబడింది. ఈ ఊళ్లో ఆ మార్పు అందరికంటే ముందు తెలిసింది ఉరుకుందప్ప నాలుకకే. తాగక తప్పనివాడు కాబట్టి తెలిసింది. కృపానందం రెండోసారి వచ్చి గొట్టంలో చుక్కలు వేస్తే లేత పసుపు కనిపించింది. మూడోసారి వేస్తే రంగే రాలేదు. ఉరుకుందప్ప గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. వచ్చినాయా సార్ అని మెల్లగా అడిగాడు. వచ్చాయని కృపానందం చెప్పాడు. ఆ కాసేపు అతని ముఖంలో బడాయి లేదు, దాని బదులు వేరే ఏదో ఉంది. అతని గురించి చెప్పుకోదగ్గ మంచి ఏదైనా ఉందంటే అది ఆ కాసేపే.

మర్నాడు బడాయి తిరిగి వచ్చింది. ఆడవాళ్లు చెంబు పెట్టడం మానేశారు. ఉరుకుందప్ప టీ హోటల్లో కూర్చుని, మేనేజరు కింద ఉన్నది వందల మంది కూలీలైతే తన కింద కోట్ల మంది ఉన్నారని చెప్పడం మొదలుపెట్టాడు. పగటి షిఫ్టు సగం పని చేస్తుంది, రాత్రి షిఫ్టు ముగిస్తుందన్నాడు. జీవాలకు షిఫ్టులు ఉంటాయని అతనికి ఎవరూ చెప్పలేదు. రెండు రకాలు అన్న మాట అతని బుర్రలోకి పోయి అలా తయారైంది. శుక్రవారం శుక్రవారం తొట్టి గోడకు కుంకుమ పెట్టాడు. నీళ్లు దిగడం నిదానించి పై పొర గీకాల్సి వస్తే, నా బిడ్డల్ని సంపుతారా అని కూలీల మీద అరిచాడు. బిడ్డలు అనే మాట హులిగమ్మ వింటుండగా అన్నాడు. ఆమె పత్తి తట్ట ఎత్తుకుని పక్క నుంచి నడిచిపోయింది.

తర్వాతి సీజనులో నీళ్లు బాగుండేసరికి అతని పేరు పాకింది. ఎమ్మిగనూరులో అద్దకం షెడ్డున్న నూలు వ్యాపారి తన పనివాళ్ల కోసం అలాంటి తొట్టి కట్టించాలనుకుని, ఆదోని నుంచి నిపుణుడు వస్తున్నాడని నలుగురికీ చెప్పి దండ సిద్ధం చేయించాడు. ఉరుకుందప్ప కోటు ఉతికించుకుని బస్సెక్కాడు. షెడ్డు ముందు బెంచీ మీద నిలబడి జీవాల గురించి చెప్పాడు. ఎద్దుల ఉచ్చను అవి ఎట్లా తింటాయో, తను వాటిని ఎట్లా పెంచాడో, కర్నూలు నుంచి వచ్చిన సారే తన ఇసుక చూసి ఎట్లా ఆశ్చర్యపోయాడో చెప్పాడు. ఆ చివరి మాట ఒక రకంగా నిజమే.

పునాదికి రాళ్లు మోస్తున్నవాళ్లలో యేసేపు ఉన్నాడు. తట్ట తల మీద పెట్టుకునే ముందుకు వచ్చాడు.

"ఆ జీవాలు ఒగసారి సచ్చినాయంట గదా అన్నా. ఎవురు సంపినారు?"

ఉరుకుందప్ప అతన్ని గుర్తుపట్టాడు. గుర్తుపట్టినట్టు చుట్టూ ఉన్నవాళ్లకూ తెలిసింది. అయినా నోరు తనకు అలవాటైన అబద్ధమే ఆడింది.

"ఎవడో కూలోడప్పా. తెలీక సేసినాడు. వాన్ని ఎల్లగొట్టినాం."

యేసేపు తట్ట దించాడు. "ఆ కూలోన్ని నేనే," అని వ్యాపారికి చెప్పాడు. తెల్లపొడి దగ్గర్నుంచి హులిగమ్మ బిడ్డ దాకా గొంతు పెంచకుండా చెప్పాడు. అరచేతులు చూపించాడు. మచ్చలు ఇంకా పోలేదు. వ్యాపారి నిజమా అని ఉరుకుందప్పను అడిగాడు. బెంచీ మీది నుంచి దిగడానికి అతనికి చాలాసేపు పట్టింది. బస్సుకు వేళైందని చెప్పి, బస్సు లేని వేళలో బస్టాండు వైపు నడిచాడు. దండ బెంచీ మీదే మిగిలింది. ఎవరికి వేయాలో తెలియక సాయంత్రం దాన్ని మేకకు పెట్టారు. వ్యాపారి కర్నూలుకు మనిషిని పంపి కృపానందం చెప్పినట్టు తొట్టి కట్టించుకున్నాడు. దాని కాపలా పని యేసేపుకు ఇచ్చాడు. నాగమ్మ షెడ్డు పక్కనే ఇల్లు వేసుకుంది.

ఆదోనికి తిరిగి వచ్చాక ఉరుకుందప్ప కొన్నాళ్లు హోటలుకు పోలేదు. ఒక ఆదివారం సాయంత్రం లైన్లలో హులిగమ్మ గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు అతని ఒంటి మీద కోటు లేదు, అది చూసి పక్క గుడిసెల వాళ్లు బయటికి వచ్చారు. హులిగమ్మ పెద్ద కూతురి తల దువ్వుతోంది. దువ్వెన ఆపి చూసింది. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చినట్టు అందరికీ కనపడింది.

"నీళ్లు బాగుండాయా?" అని అడిగాడు.

"బాగుండాయి," అంది ఆమె. కూతురి జడ అల్లడం ముగించి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

అతను కాసేపు ఆ తలుపు వైపు చూసి వెళ్లిపోయాడు. మర్నాడు కోటు తొడుక్కుని టీ హోటలుకు పోయాడు. హులిగమ్మ తనను ఇంటికి పిలిపించి, నీళ్లు బాగున్నాయని పదిమందిలో మెచ్చుకుందని అక్కడ చెప్పాడు.